నాలుగో సీటు, రెండో బిందె

పోయిన నెల ముంబై నుంచి చెన్నైలో మా ఇంటికి తాయి వచ్చింది. తాయి అంటే మరాఠీలో అక్క. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఏడేళ్లు ఒకే రైల్లో, ఒకే పెట్టెలో ఆఫీసుకు వెళ్లాం, అంతే. ఆమె ఈమధ్యే రిటైరైంది. "కంచి చూడాలి, మహాబలిపురం చూడాలి, నువ్వుండే ఇల్లు చూడాలి" అని నాలుగు రోజులకు వచ్చింది.

మొదటి రోజు పొద్దున బేసిన్ దగ్గర పళ్లు తోముకుంటోంది. కుళాయి ధారగా పోతూ ఉంది. వంటింట్లో ఉన్న నాకు ఆ చప్పుడు వినపడగానే కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. వెళ్లి కుళాయి కట్టేశాను. తాయి నోటి నిండా నురగతో నా మొహంలోకి చూసింది. ఇంటికొచ్చిన మనిషి దగ్గర అలా చేశానే అని ఆ పూటంతా నాకు బాధగానే ఉంది.

సాయంత్రం ఆమె వంతు వచ్చింది. "రేపు బీచ్ స్టేషన్‌కి బండి ఎన్నింటికి?" అని అడిగింది. "పది పదిహేను నిమిషాలకు ఒకటి ఉంటుంది తాయీ, రెడీ అయ్యాక వెళ్దాం" అన్నాను. ఆ జవాబు ఆమెకు చాల్లేదు. "అది కాదు, ఎన్నింటికి? ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు?" అని మళ్లీ అడిగింది. పడుకునే ముందు ఇంకోసారి అడిగింది.

ముంబైలో ఏడేళ్లున్నాను, 2011 నుంచి 2018 దాకా. బ్యాంకు ఉద్యోగం. ట్రాన్స్‌ఫర్ మీద చెన్నై వచ్చి ఇక్కడా ఏడేళ్లు నిండాయి. ఆ సముద్రం బాగుందా ఈ సముద్రం బాగుందా అని చుట్టాలు అడుగుతుంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ పొద్దున కళ్లు తెరవగానే అక్కడ నాకు మొదట గుర్తొచ్చేది టైము, ఇక్కడ మొదట గుర్తొచ్చేది నీళ్లు. మిగతా తేడాలన్నీ నాకు దీని తర్వాతే.

అక్కడ మా ఇల్లు బోరివలి ఈస్ట్‌లో, నాలుగో అంతస్తు, ఒక బెడ్‌రూమ్. ఆఫీసు ఫోర్ట్‌లో. నేనెక్కే బండి 8:17 ఫాస్ట్ లోకల్, అన్ని స్టేషన్లలో ఆగనిది. మా పెట్టెలో ఆడవాళ్లకు అది రైలు పేరు కిందే లెక్క. "నువ్వు సతరా వాలీవి కదా" అనుకునేవాళ్లు, సతరా అంటే పదిహేడు. అది తప్పితే తర్వాతి బండి ఐదారు నిమిషాల్లో వస్తుంది. అయినా ఆ బండిలో మనవాళ్లు ఉండరు, మన చోటు ఉండదు, చర్చ్‌గేట్‌లో దిగాక రోడ్డు దాటే సిగ్నల్ కూడా వేరేది తగులుతుంది. ఇల్లు 7:58కి వదిలితే దొరికేది, 8:01కి వదిలితే పరుగు. పాప పాల గ్లాసు ఒలకబోస్తే ఆ మూడు నిమిషాలు దాని మీద కోపంగా మారేవి. రెండు మూడేళ్ల పిల్ల. ఇప్పుడు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

లోకల్ రైల్లో బల్ల ముగ్గురి కోసం చేసింది. ముంబైలో దాని మీద నలుగురు కూర్చుంటారు. ఆ నాలుగో మనిషి అంచు మీద సగమే ఆనుకుని, ఒక కాలు దారిలో పెట్టి, పై కమ్మీ పట్టుకుని ఉండాలి. ఎక్కడా రాసిలేని చట్టం అది. నిలబడ్డావిడ వచ్చి "థోడా సర్‌కో" అంటే ముగ్గురూ జరగాల్సిందే, ఎవరూ మొహం ముడుచుకోరు. నేను మొదటిసారి కూర్చున్న నాలుగో సీటు తాయి ఇచ్చిందే. ఉద్యోగంలో చేరిన రెండో వారం, అంధేరీ దాటాక నాకు కళ్లు తిరుగుతున్నట్టు అయింది. ఆమె నా మొహం చూసి, అడగకుండానే జరిగి, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఇంకో పద్ధతి. ఎక్కగానే కూర్చున్నవాళ్లను వరసగా "ఎక్కడ దిగుతారు?" అని అడుగుతూ పోవాలి. దాదర్ అన్నావిడ సీటు మనకు రిజర్వు. అమ్మాయిలు తలపిన్నులూ చెవి కమ్మలూ అమ్ముకుంటూ ఆ ఇరుకులోనే తిరిగేవాళ్లు. కొందరు ఒళ్లో కవరు పరుచుకుని బఠాణీలు ఒలుచుకునేవాళ్లు. ఇంటికెళ్లి చేసే పనిలో అరగంట రైల్లోనే అయిపోయేది. దసరా ముందు రోజు పెట్టెకు బంతిపూల దండలు కట్టి, హారతిచ్చి, పేడాలు పంచేవాళ్లం. నాకు అక్కడ పండగంటే ముందు ఆ పెట్టే గుర్తొస్తుంది.

2017 ఆగస్టు 29న ముంబై మునిగింది. మధ్యాహ్నం ఆఫీసు వదిలేశారు. మేమెక్కిన బండి దాదర్ దాటి మాటుంగా రోడ్ దగ్గర ఆగిపోయింది. పట్టాలు కనపడటం లేదు. మూడు గంటలు అలాగే కూర్చున్నాం. ఫోన్లలో చార్జింగ్ అయిపోతోంది, పాప డే కేర్‌లో ఉంది, ఆయన అంధేరీలో ఇరుక్కున్నారు. ఆ టెన్షన్‌లో నేను ఏడుస్తూ ఉంటే మా పెట్టెలో ఒకావిడ, తాయి కూడా కాదు, మాటుంగాలో దిగే మనిషి, "మా ఇంటికి పదండి" అంది. ఆవిడ పేరు కూడా నాకు అప్పటికి తెలియదు. ఐదుగురం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్లలో నడిచి వెళ్లాం. ఆవిడ అత్తగారు అన్నం, పలచటి పప్పు పెట్టింది. డే కేర్ ఆవిడ పాపను తన పక్కనే పడుకోబెట్టుకున్నట్టు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది.

సరిగ్గా నెల తిరిగాక, సెప్టెంబర్ 29 పొద్దున, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. వాన పడుతోందని వంతెన మీద నిలబడ్డవాళ్లు, వెనక నుంచి దిగివస్తున్నవాళ్లు. పొద్దున ఆఫీసు టైము. జనం మళ్లీ పనికి వెళ్లగానే టీవీలో "ముంబై స్పిరిట్" అన్నారు. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. వెళ్లకపోతే జీతం కోస్తారు కాబట్టి వెళ్లాం. ఆ తర్వాత చాలా రోజులు నేను ప్రతి వంతెన మీదా కమ్మీ పక్కనుంచే నడిచాను. అంత మంచి మనుషులున్న ఊరు ఆ మనుషులకు ఒక వెడల్పు వంతెన ఎందుకు కట్టివ్వలేకపోయిందని ఇప్పటికీ కోపం వస్తుంది.

2018 జూన్‌లో చెన్నై వచ్చాం. నంగనల్లూరులో ఇల్లు. ఎనిమిది ఇళ్ల అపార్ట్‌మెంట్, పది నెలల అద్దె అడ్వాన్సు. ఇల్లు వెతికేటప్పుడు "మాంసం తింటారా?" అని మూడు చోట్ల అడిగారు. బోరివలిలోనూ అడిగారు. ఆ విషయంలో తూర్పు తీరానికీ పడమటి తీరానికీ ఏమీ తేడా లేదు, రెండు చోట్లా మనసు ఒకేలా చివుక్కుమంది.

వచ్చిన వారంలోనే కింది ఇంటి మామి నాకు నీళ్ల పాఠం చెప్పింది. ఉప్పు తణ్ణి అంటే బోరు నీళ్లు, స్నానానికీ గిన్నెలకీ. నల్ల తణ్ణి (మంచి నీళ్లు) అంటే మెట్రో వాటర్, నీటి బోర్డు వదిలితే సంపులోకి వచ్చేది. తాగడానికి క్యాను. ఏ రోజు ఎవరు మోటారు వేయాలో మెట్ల దగ్గర కాగితం అంటించి ఉంటుంది. ట్యాంకు నిండి పైనుంచి ఒక్క చుక్క కారినా ఎనిమిది తలుపులూ తెరుచుకుంటాయి. నేను బోరివలిలో ఏడేళ్లలో మా సొసైటీ ట్యాంకు ఎక్కడుందో చూడలేదు. ఏడు చెరువుల నుంచి ముంబైకి నీళ్లు వస్తాయి. అందులో తులసి, విహార్ మా ఇంటి వెనక నేషనల్ పార్కు అడవిలోనే ఉన్నాయి. జూన్‌లో వాన ఆలస్యమైతే పది శాతం కోత అని పేపర్లో చదివేదాన్ని. చదివి పేజీ తిప్పేదాన్ని.

మా అపార్ట్‌మెంట్ గోడ మీద మోకాలెత్తున ఒక గోధుమరంగు గీత ఉండేది. 2015 డిసెంబర్ 1 వరద గీత అది. ఆ రాత్రి చెంబరంబాక్కం చెరువు వదిలారనీ, అడయారు నది పొంగిందనీ, కింది ఇళ్లవాళ్లు మేడ మీద పడుకున్నారనీ మామి చెప్పింది. 2019 వేసవికి అదే చెంబరంబాక్కం పగుళ్లు తేలిన మైదానమైంది. ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్ చెరువులన్నీ అంతే. మేలో మా బోరు నుంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మెట్రో వాటర్ లారీకి బుక్ చేస్తే మూడు వారాలన్నారు. ప్రైవేటు లారీ నాలుగు వేలు దాటింది, అది కూడా ఈ రోజు వస్తానని మూడో రోజు వచ్చేది. కొన్ని హోటళ్లలో మధ్యాహ్నం భోజనం ఆపేశారు. ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చేయమన్నాయి. ఇంట్లో కూడా నీళ్లు లేవు కదా, అక్కడ కూర్చుని ఏం చేస్తారని మామి అడిగేది.

వీధి లారీ రాత్రి ఒంటిగంటకో ఒంటిగంటన్నరకో వచ్చేది. హారన్ వినపడగానే వీధి మొత్తం లేచేది. ఎర్రవి, పచ్చవి, నీలివి ప్లాస్టిక్ కుడాలు (బిందెలు) వరసలో. మామికి అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. ఆమె ఒక నోటు పుస్తకం పట్టుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె పెట్టిన నియమం ఒకటే: మొదటి బిందె మీది, రెండో బిందె మెట్లు దిగలేనివాళ్లది. మూడోది మళ్లీ మీది. మా పై అంతస్తులో ఎనభై దాటిన నాయుడుగారు, ఆయన భార్య ఉండేవాళ్లు. వాళ్ల బిందె నా వంతు. మూడంతస్తులు ఎక్కి తలుపు ముందు పెడితే ఆ పెద్దావిడ లోపల్నుంచి తెలుగులో "తల్లీ, నడుం జాగర్త" అనేది. వాళ్ల పూర్వీకులు ఎన్ని తరాల కింద ఈ తమిళ నేలకు వచ్చారో, ఆ "జాగర్త" మాత్రం అచ్చం మా కడప అవ్వ నోట్లోంచి వచ్చినట్టే ఉండేది.

ఆ మూడు నెలల్లో నేర్చుకున్నవి ఇప్పటికీ పోలేదు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు, ఏసీ నీళ్లు నేల తుడవడానికి, ఆర్‌ఓ వదిలేసిన నీళ్లు బాత్రూమ్‌కు. సగం బకెట్‌తో తలంటు కూడా చేయొచ్చు. చేశాను.

అదే ఏడాది జూలై 2న ముంబైలో పదేళ్లలో ఎప్పుడూ లేనంత వాన. మలాడ్‌లో గోడ కూలి గుడిసెల మీద పడి ఇరవై మందికి పైగా పోయారు. మా రైలు గ్రూపులో తాయి పెట్టిన ఫొటోలో బోరివలి స్టేషన్ పట్టాల మీద నీళ్లు. నేను వెంటనే మా ఇంటి ముందు వరస కట్టిన ఖాళీ కుడాల ఫొటో తీసి పెట్టాను. ఎవరూ ఏమీ రాయలేదు. కాసేపటికి తాయి ఫోన్ చేసి, "మీరు ఎలా వండుకుంటున్నారు?" అని మాత్రం అడిగింది. జూలై 12న జోలార్‌పేట నుంచి మొదటి నీళ్ల రైలు చెన్నై వచ్చింది. యాభై వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. టీవీలో ఆ రైలుకు పూలదండలు వేస్తుంటే నాకు మా దసరా పెట్టె కళ్లముందు కనపడింది.

ముంబైలో ఉండగా ఒకసారి మహాబలేశ్వర్ వెళ్లాం. పాత మహాబలేశ్వర్ గుడిలో రాతి ఆవు నోట్లోంచి సన్నగా నీళ్లు కారుతుంటే, కృష్ణమ్మ ఇక్కడే పుట్టిందన్నారు. అరేబియా సముద్రం అక్కడికి దగ్గరే. కానీ ఆ నీరు దానివైపు చూడకుండా తూర్పుకు తిరుగుతుంది. ముంబై నుంచి కడపకు రైల్లో వచ్చేటప్పుడు రాయచూరు ముందు కృష్ణ వంతెన వస్తుంది. పాపతో రూపాయి బిళ్ల వేయించేదాన్ని. చెన్నైకి వచ్చాక తెలిసింది, ఆ నదిలోంచే ఈ ఊరికీ వాటా ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇవ్వాలని 1976లో ఒప్పుకున్నాయి. 1983లో తెలుగు గంగ పనులు మొదలై, 1996లో తొలిసారి నీళ్లు పూండి చేరాయి. శ్రీశైలం దగ్గర మళ్లి, మా కడప జిల్లా మీదుగా, సోమశిల, కండలేరు దాటి వస్తాయి. కాగితం మీది వాటా ఏటా పూర్తిగా రాదు. అయినా కండలేరు గేట్లు ఎత్తారని వార్త వచ్చిన రోజు మామి నాకు ఫోన్ చేసి "మీ ఊరి నీళ్లు వస్తున్నాయి" అంటుంది.

చిన్న తేడాలు కొన్ని. ముంబైలో ఆటో అంటే మీటరే. అప్పట్లో కనీసం 18 రూపాయలు, రెండు రూపాయల చిల్లర కూడా వెతికి ఇచ్చేవాళ్లు. చెన్నైలో బేరం. మొదట్లో రోజూ గొడవపడేదాన్ని. తర్వాత ఒక డ్రైవరన్న లెక్క చెప్పాడు: ఇక్కడ ప్రభుత్వం రేటు పెట్టింది 2013లో, మొదటి 1.8 కిలోమీటర్లకు 25, ఆపైన కిలోమీటరుకు 12. తర్వాత ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోలేదు. పెట్రోలు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది. అప్పట్నుంచి నేను గొడవ పడటం మానేశాను. ఇంకోవైపు 2021 మే నుంచి ఇక్కడ మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మా ఇంట్లో పనికి వచ్చే అక్క రెండు బస్సులు మారి వస్తుంది. బస్సుకయ్యే డబ్బుతో చీటీ కట్టి, దాంతో కూతురి కాలేజీ ఫీజులో ఒక భాగం కట్టింది. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

గోంగూర అక్కడ అంబాడి, ఇక్కడ పుళిచ్చ కీర. అక్కడ వెతకాలి, ఇక్కడ బండి ఇంటిముందుకే వస్తుంది.

పొద్దు సంగతి కూడా చెప్పాలి. రెండు ఊళ్లలో గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం దాదాపు అరగంట తేడాలో నడుస్తాడు. జూన్‌లో ముంబైలో ఏడింటికి కూడా వెలుతురు ఉండేది, నేను ఆఫీసు నుంచి వచ్చాక పాపను పార్కుకు తీసుకెళ్లేదాన్ని. ఇక్కడ ఆ వేళకు దీపాలు పెట్టేస్తారు. బదులుగా ఐదున్నరకే తెల్లవారి, ముగ్గులు పడి, కాఫీ డికాక్షన్ వాసన మెట్ల దాకా వచ్చేస్తుంది. ముంబైలో నేను ఐదున్నరకు లేచినా చీకట్లో లేచినట్టుండేది. ఇక్కడ ఊరంతా నాతోపాటు లేస్తుంది.

తాయితో బీచ్ స్టేషన్‌కు బయల్దేరింది ఆదివారం పొద్దున. పళవంతాంగల్ ప్లాట్‌ఫారం మీద పట్టుమని పాతికమంది లేరు. బండి దూరంగా కనపడగానే తాయి చేతిసంచి ముందుకు తిప్పుకుని, కొంగు దోపుకుని, అంచుదాకా వెళ్లి నిలబడింది. ఆగకముందే ఎక్కడానికి కుడికాలు సిద్ధంగా ఉంది. నేను మోచెయ్యి పట్టుకుని ఆపాను. "ఆగనీ తాయీ, ఖాళీగానే వస్తుంది."

ఖాళీగానే వచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో ఆరుగురు ఉన్నారు, అంతే. కిటికీ పక్కన నేను కూర్చున్నాను, పక్కన తాయి. మా బల్ల మీద మూడో మనిషి కూడా లేదు. గిండీ దాటింది, సైదాపేట రాబోతోంది. అడయారు మీద వంతెన దాటుతుంటే తాయి తల తిప్పి కింద నీళ్లను చూసింది. అప్పుడు గమనించాను. ఎక్కినప్పటి నుంచీ ఆమె నాకు ఆనుకుని, ఒదిగి, భుజాలు దగ్గరికి తీసుకునే కూర్చుని ఉంది, అవతల ఇంకో ఇద్దరికి చోటు వదిలి.